అరగంట దాటితే

నవంబర్ 23, శనివారం

ఇవాళ్టి తల్లీబిడ్డల కలయిక పద్ధతిగానే జరిగింది. కౌంటీ శిశు సంక్షేమం వాళ్ళ ఫారంలో రాయాల్సినవన్నీ రాసేశాను. తల్లి, అంటే నా చెల్లెలు గ్వెన్, పదకొండింటికి రావాలి, పదకొండింటికే వచ్చింది. ఒంటిగంటకు వెళ్ళింది. పిల్ల, మా టెస్సా, ఏడవలేదు. ఆ ఫారంలో నాకంటూ గడి లేదు కాబట్టి మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను.

క్రిస్మస్ చెట్ల తోటకు వెళ్ళాం. టెస్సా కొమ్మలు సరిగ్గా లేని, ఓ పక్క బోడిగా ఉన్న చెట్టును ఏరుకుంది. డిసెంబర్‌లో వచ్చి కోసుకునేదాకా అది మనదని గుర్తుకు ఏదో ఒకటి కట్టిపోవాలి కదా. ఈ ఏడు జనం పాత నెక్‌టైలు, పసిపిల్లల మేజోళ్ళు, బీరు డబ్బాల దండలు కూడా కట్టారు. నేను ఎర్ర రిబ్బన్ తీసేలోపే గ్వెన్ తన మెడలోని పసుప్పచ్చ స్కార్ఫు విప్పి చెట్టుకు కట్టేసింది. ఆ తర్వాత ఉన్నంతసేపూ కోటు కాలర్ చేత్తో పట్టుకుని తిరిగింది.

ఫారంలో "తల్లి స్థితి" అన్న చోట "చలికి తగిన దుస్తులు లేవు" అని రాశాను. అబద్ధం కాదు.

మా ఆయన వాల్ట్ నా భుజం మీంచి చదివాడు. "మెడలోది తీసి చెట్టుకి కట్టిందని కూడా రాయొచ్చు కదా, నోరీ."

"గడి చిన్నది," అన్నాను.

"నీ రాత పెద్దదా?" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. టౌన్‌షిప్‌లో మంచు తోసే బండి నడిపే మనిషి. దేన్నయినా పక్కకు తోసేసి దారి చేసుకుపోవచ్చనుకుంటాడు.

నవంబర్ 27, బుధవారం

శనివారం ఎక్కడ కలవాలో బుధవారం లోపు గ్వెన్‌కు మెసేజ్ పెట్టాలి. చోటూ వేళా ఎంచేది నేను. పిల్లలతో వెళ్ళదగ్గ, నలుగురూ తిరిగే చోటయి ఉండాలి. అంతవరకే షరతు. మన పేపరు వాళ్ళు వేసిన "ఈ సెలవుల్లో వారాంతం పిల్లలతో ఎక్కడికి" పేజీని కత్తిరించి ఫ్రిజ్ మీద అతికించాను. ఇరవై మూడు ఉన్నాయి. బొమ్మ రైళ్ళ ప్రదర్శన, లైబ్రరీలో అల్లం బిస్కెట్ల ఇళ్ళు కట్టడం, పాత మిల్లు దగ్గర పాటలు, ఇలా. లైబ్రరీ గ్వెన్ గదికి రెండు వీధులే.

నేను శాంటా రైలుకు టికెట్లు కొన్నాను. పొలాల మధ్య నిజం రైలు. టెస్సాకి రైళ్ళంటే ఇష్టం.

నవంబర్ 28, గురువారం

థాంక్స్‌గివింగ్. బల్ల మీద మూడు కంచాలు పెట్టాను. నాలుగోది ఏదని టెస్సా అడిగింది. కోర్టు శనివారాలే ఇచ్చిందని ఆరేళ్ళ పిల్లకు ఎలా చెప్పడం. టర్కీ ఎండిపోయింది.

నవంబర్ 30, శనివారం

రైలు పదకొండింటికి. గ్వెన్ పదకొండూ నలభైకి వచ్చిందట. అరగంట దాటితే రానట్టే లెక్క, అది నేను పెట్టిన నియమం కాదు. దంత వైద్యుడి ముందు గదిలో రిసెప్షనిస్టుగా పద్దెనిమిదేళ్ళుగా కూర్చుంటున్నాను. అక్కడ పావుగంటే.

మేం రైలు దిగేసరికి గ్వెన్ టికెట్ల కిటికీ దగ్గర నిలబడి ఉంది, బూట్ల నుంచి మోకాళ్ళ దాకా బురద.

"బస్సు కాలేజీ దగ్గర ఆగిపోయింది. శనివారాలు అంతవరకేనట. అక్కడ్నించి నడిచొచ్చా," అంది.

"ముందు కనుక్కోవాలి కదా."

"కనుక్కున్నా. నడిస్తే అందుకుంటాననుకున్నా."

టెస్సా వెళ్ళి దాని నడుం పట్టేసుకుంది. ఒక నిమిషం ఉండనిచ్చాను. ఆ నిమిషం ఫారంలో రాయలేదు. రాస్తే నా మీదకే మాటొస్తుంది.

సాయంత్రం వాల్ట్ అన్నాడు. "ఆ రోడ్డు నాకు తెలుసు. పక్కన నడిచే చోటే లేదు. నువ్వే దాన్ని ఎక్కించుకుని వెళ్ళొచ్చుగా?"

"నిబంధనలు ఒప్పుకోవు."

డిసెంబర్ 2, సోమవారం

నిబంధనలు ఒప్పుకోవు. ఒప్పుకుంటే తీసుకురానా?

డిసెంబర్ 3, మంగళవారం

టెస్సా జుట్టు దువ్వుతుంటే గడ్డం కింద మచ్చ కనబడింది. ఐదు కుట్లు. పదిహేను నెలలవుతోంది. నడుం నొప్పికి మొదలెట్టిన మాత్రలు అప్పటికి గ్వెన్‌కు అన్నం నీళ్ళయిపోయాయి. వాటి మత్తులోనే కారు నడిపి కరెంటు స్తంభాన్ని కొట్టింది. వెనక సీట్లో పిల్ల. లైసెన్సు పోయింది, పిల్ల నా దగ్గరకొచ్చింది. గ్వెన్ మాత్రలు ముట్టి పదకొండు నెలలయిందట. పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయట. పందొమ్మిదిన జడ్జి చూసి, పిల్లను ఇచ్చేయాలో లేదో చెబుతాడు.

నా చెల్లెలు బాగుపడాలని నాకూ ఉంది. ఎవరైనా అడిగితే ప్రమాణం చేసి చెబుతాను. కానీ ఆ మచ్చను రోజూ చూసేది నేను.

డిసెంబర్ 4, బుధవారం

బస్సుల వేళలు ఊరికే చూశాను. శనివారం మొదటి బస్సు తొమ్మిదీ పదికి.

అగ్నిమాపక దళం హాల్లో శాంటాతో ఫలహారానికి పేర్లు రాయించాను, ఎనిమిదిన్నరకు. వాల్ట్ అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తాడు, పాన్‌కేకులు వేసేది ఆయనే. టెస్సా పెదనాన్న చేతి పాన్‌కేకులు తినాలని నేను అనుకోవడంలో తప్పేముంది?

డిసెంబర్ 7, శనివారం

తొమ్మిదీ నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాలు ఎక్కువ.

బేకరీలో తెల్లవారుజామున డ్యూటీ ముగించుకుని అటునించటే నడిచొచ్చిందట, నాలుగు మైళ్ళు. చేతిలో దాల్చినచెక్క రొట్టెల అట్టపెట్టె. తలుపు దగ్గరే ఆపాను. లోపల టెస్సా శాంటా ఒళ్ళో కూర్చుని ఉంది, అటు తిరిగి.

"నాలుగు నిమిషాలు, నోరీ."

"నాలుగయినా నలభయ్యయినా అక్కడ గీసేది ఒకటే గీత."

"మొదటి బస్సు ఎప్పుడో నీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది? నేను బస్సెక్కుతానా?"

దానికి కోపం వస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండును, అదీ రాయాల్సిన గడి ఒకటుంది. అరవలేదు. పెట్టె నా చేతిలో పెట్టి, "వేడి మీదే పెట్టు, చల్లారితే గట్టిపడతాయి," అని వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూశాను. రోడ్డు దాటాక ఒకచోట వంగి మోకాళ్ళు పట్టుకుని నిలబడింది.

వాల్ట్ గరిటె పట్టుకుని వచ్చాడు. "పంపించేశావా?"

"ఆలస్యమయింది."

వెనక్కి పెనం దగ్గరకు వెళ్ళిపోయాడు. కోపమొస్తే ఆయన మాట్లాడడు, నాకా సంగతి తెలుసు. రొట్టెలు నాలుగూ టెస్సా తినేసింది. ఎవరు తెచ్చారని అడిగితే చెప్పాను. అది దాచలేదు.

డిసెంబర్ 9, సోమవారం

కౌంటీ నుంచి పెట్రీస్ ఫోన్ చేసింది. ఆమె చేతిలో నలభై కుటుంబాలున్నాయి, ఎప్పుడూ ఎక్కడో కారు దిగుతూనే మాట్లాడుతుంది. "రెండు శనివారాలు పోయాయండీ. మూడోది కూడా పోతే ఈ జడ్జి ఇవ్వడు. జూన్‌కి వాయిదా వేస్తాడు," అంది.

"అయ్యో," అన్నాను. బాగానే అన్నాను.

డిసెంబర్ 10, మంగళవారం

జూన్‌లో మొదలయ్యే ఈత తరగతులకు టెస్సా పేరు రాయించాను. ముందే రాయించకపోతే చోటు దొరకదు.

డిసెంబర్ 11, బుధవారం

ఇవాళ పళ్ళు తోముకుంటూ టెస్సా, "పెద్దమ్మా, నా పన్ను కదులుతోంది, నీకే ఫస్ట్ చెప్తున్నా," అంది. ఆ కదిలే పన్ను నా వేలితో కదిపించింది. నలభై నాలుగేళ్ళొచ్చాయి నాకు. ఎవరూ నాకు ఏదీ మొదట చెప్పలేదు.

అమ్మ ఉన్నప్పుడూ అంతే. గ్వెన్ ఏం విరగ్గొట్టినా చిన్నపిల్ల అనేవాళ్ళు. నేను తుడిచేదాన్ని. ఇప్పుడూ నేనే తుడుస్తున్నాను కదా, అలాంటప్పుడు ఇల్లు ఎవరిది?

ఇలా రాయకూడదు. రాశాను.

శనివారానికి పార్కులో దీపాల దారి. కారులో కూర్చునే రెండు మైళ్ళూ చూడాలి, నడిచేవాళ్ళను రానివ్వరు. "ఐదింటికి గేటు దగ్గర కారెక్కు" అని మెసేజ్ పెట్టాను. ఆ గేటు పెద్ద రోడ్డు మీద ఉంది. బస్సు మైలున్నర ఇవతలే ఆగుతుంది.

గ్వెన్ "సరే" అని మాత్రం జవాబిచ్చింది.

డిసెంబర్ 14, శనివారం

దీపాలు బాగున్నాయి. తల్లి రాలేదు. మూడోసారి.

డిసెంబర్ 15, ఆదివారం

చెట్టు కోయడానికి ముగ్గురం తోటకు వెళ్ళాం. స్కార్ఫు కట్టింది కట్టినట్టే ఉంది, మంచు పట్టి బిర్రబిగిసింది. వాల్ట్ రంపం తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వద్దు," అంది టెస్సా.

"ఇది నీ చెట్టే కదే, బంగారం?"

"అమ్మకి మెడ చల్లగా ఉంటుంది."

చేతితొడుగులు విప్పేసి ముడి విప్పడం మొదలెట్టింది. వేళ్ళు ఎర్రబడిపోయాయి, నన్ను ముట్టుకోనివ్వలేదు. "విప్పితే అది మన చెట్టు కాకుండా పోతుంది. ఎవరైనా కోసుకుపోతారు," అని చెప్పాను.

"తెలుసు," అంది.

స్కార్ఫు విప్పి మడిచి కోటు లోపల పెట్టుకుంది. మేమింకా పది అడుగులు వేశామో లేదో, వెనకాలే ఒక తండ్రీ ఇద్దరు పిల్లలూ వచ్చి చెట్టు చుట్టూ తిరిగి చూశారు. "దీనికి గుర్తు లేదు నాన్నా," అని ఒకడు అరిచాడు. రంపం చప్పుడు కారుదాకా వినబడింది. టెస్సా వెనక్కి తిరగలేదు. ఇంకో చెట్టు కొందామంటే తల అడ్డంగా ఊపింది.

ఇంట్లో మూల ఖాళీగా ఉంది. కుర్చీలు అటు జరిపాను. బాగోలేదు.

డిసెంబర్ 16, సోమవారం

పెట్రీస్ ఇంటికొచ్చింది. జడ్జి ముందుకు వెళ్ళేలోపు పిల్లతో ఒకసారి మాట్లాడాలట. నేను వంటింట్లో కప్పులు కడుగుతున్నాను. కడిగినవే కడుగుతున్నాను. అన్నీ వినబడుతున్నాయి.

"శనివారం దీపాలు చూశావా, టెస్సా?"

"చూశా. రెయిన్‌డీరు కాళ్ళు కదులుతాయి."

"అమ్మ రాలేదని బాధేసిందా?"

"రోడ్డు మీద వచ్చేది అమ్మ కాదు," అంది టెస్సా. "ఎవరో."

పెట్రీస్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఏ రోడ్డమ్మా?"

"ఏదో రోడ్డు. నేను బొమ్మ వేసుకోవాలి."

పెట్రీస్ వంటింటి గుమ్మం దగ్గరకొచ్చింది. నేను ఏమీ అడక్కుండానే, "ఆ రోడ్డున బోలెడుమంది నడుస్తారు," అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆ రోడ్డు మీద ఎవరూ నడవరు.

"నోరీన్ గారూ, మీ చెల్లెల్ని మీరే ఎక్కించుకుని రావచ్చు కదా, ఒక్కసారైనా?"

"నిబంధనలు ఒప్పుకోవు కదండీ."

"అలాంటి నిబంధన లేదండీ. నేనెప్పుడైనా చెప్పానా?"

చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. చూద్దామని ఆ కాగితాలు తీసిన గుర్తు కూడా లేదు నాకు.

ఆమె వెళ్ళాక పెన్సిళ్ళు సర్దుతున్న టెస్సా నన్ను అడిగింది. "కరెక్ట్‌గా చెప్పానా, పెద్దమ్మా?"

అప్పట్నుంచీ కూర్చోలేకపోతున్నాను. శనివారం సంగతి రాసేస్తాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఒక్క వాక్యం రాసి డైరీ మూసేశాను ఆ రోజు.

ఐదూ ఇరవై ఎనిమిది. కార్ల వరసలో గేటుకు నాలుగో కారు మాది. అద్దంలో కనబడింది. రోడ్డు అంచున, ఎదురొచ్చే కార్ల వెలుగులో, తలమీద ఏమీ లేకుండా, ఒక కాలు కొంచెం ఈడుస్తూ వస్తోంది. నా చెల్లెలి నడక నాకు తెలీదా? దానికి నడక నేర్పిందే నేను. "అమ్మ వస్తోంది," అంది టెస్సా వెనక సీట్లోంచి. "కాదు, ఎవరో," అన్నాను. ముందు కారు కదిలింది. నేను వెనకున్న వాళ్ళకోసం కదిలానని ఇన్ని రోజులూ అనుకుంటున్నాను. ఎవరూ హారన్ కొట్టలేదు. గేటు దగ్గర మనిషి ఎంతమందని అడిగాడు. ఇద్దరమని చెప్పాను.

రెండు నిమిషాలు ఆగితే సరిపోయేది. అది ఆలస్యంగా రాలేదు. నేనే దాన్ని రానివ్వలేదు.

డిసెంబర్ 17, మంగళవారం

ఇవాళ పనికి సెలవు పెట్టాను. టెస్సాను బడినించి తీసుకొచ్చి, కారు ఇంటి ముందు ఆపి, దిగకుండానే చెప్పాను.

"శనివారం రోడ్డు మీద వచ్చింది మీ అమ్మే. నేను చూశాను. చూసి కూడా నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు," అంది.

"ఎలా?"

"నేను చెయ్యి ఊపా. వెనక అద్దంలోంచి. అమ్మ కూడా ఊపింది."

నాకు చాలాసేపు స్టీరింగు వదలబుద్ధి కాలేదు.

"మరి పెట్రీస్ ఆంటీకి ఎందుకలా చెప్పావమ్మా?"

"నువ్వు అలాగే చెప్పావుగా." కొంచెం ఆగి అంది, "నిన్ను కూడా శనివారాలే చూడనిస్తారేమోనని."

డిసెంబర్ 18, బుధవారం

వాల్ట్‌కు చెప్పాను. "నాకు పాన్‌కేకుల రోజే అర్థమయింది. నువ్వే చెప్తావని చూస్తున్నా," అన్నాడు. ముందే అడిగి ఉండచ్చు కదా అని ఆయన మీద అరిచాను. అరిచి ఏడ్చాను. ఈత తరగతుల డబ్బు వెనక్కి ఇవ్వరట, ఆ మాటకు కూడా ఏడ్చాను.

పెట్రీస్‌కు ఫోన్ చేశాను. కారు ఆపుకుని విన్నట్టుంది, వెనక ఏ చప్పుడూ లేదు. "రేపు జడ్జి గారి ముందు ఇదే చెప్తారా?" అంది. చెబుతానన్నాను.

డిసెంబర్ 19, గురువారం

చెప్పాను. మూడు శనివారాలూ చెప్పాను, బస్సు వేళలు ముందే చూసుకున్న సంగతి కూడా.

జడ్జి కళ్ళద్దాలు తీసి, "కావాలనే చేశారా?" అని అడిగాడు.

"కావాలనే."

అంత చిన్న మాటకి అంత పెద్ద గదిలో ప్రతిధ్వని వినబడుతుందని తెలీదు. నా ఫారాలేవీ లెక్కలోకి తీసుకోవద్దన్నాడు. పిల్ల జనవరి నాలుగున తల్లి దగ్గరకు వెళుతుంది. ఈలోపు శనివారాలు పెట్రీస్ చూసుకుంటుంది, చోటు గ్వెన్ ఎంచుకుంటుంది. ఆ వేళల్లో నేను దగ్గర ఉండకూడదు.

కోర్టు వసారాలో గ్వెన్ బల్ల మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటోంది. మెడలో పసుప్పచ్చ స్కార్ఫు ఉంది. వాల్ట్ నిన్ననే బేకరీలో ఇచ్చొచ్చాడట, నాతో చెప్పలేదు.

"నువ్వు కారును చూశావు. నేనని తెలుసు నీకు. పెట్రీస్‌కి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్తే నీ దగ్గర్నించి తీసేస్తారు. నాకింకా ఇవ్వలేదు. మధ్యలో ఎవరింట్లోనో పెడతారు దాన్ని." తాడు ముడేసింది. "నీ దగ్గరయితే వేళకి తింటుంది, జుట్టు దువ్వుతావు. జూన్ అయితే జూన్ అనుకున్నా."

చెయ్యి చాపాను, అది చూడనట్టు లేచింది.

"అలాగని నిన్ను క్షమించేశాననుకోకు, నోరీ. అది వేరే."

డిసెంబర్ 20, శుక్రవారం

టెస్సా బట్టలు రెండు పెట్టెల్లో సర్దడం మొదలెట్టాను. తొందరేమీ లేదని వాల్ట్ అన్నాడు. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి.

డిసెంబర్ 21, శనివారం

పదిన్నరకు పెట్రీస్ కారొచ్చింది. టెస్సా టోపీ సరిచేసి, జేబులో రుమాలు పెట్టి పంపాను. ఎక్కడికని అడగలేదు. అడిగే హక్కు లేదు. ఫ్రిజ్ మీది కాగితంలోని ఇరవై మూడింటినీ ఒక్కొక్కటే చదివాను. లైబ్రరీ అనుకున్నాను. మళ్ళీ కాదేమో, పాత మిల్లు పాటలేమో అనుకున్నాను. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఇంట్లో ఏ పనీ సాగలేదు. వాల్ట్ మంచు తోయడానికి వెళ్ళాడు.

ఒంటిగంటన్నరకు పిల్ల వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పన్ను ఊడింది, ఆ సందులోంచి నాలుక పెట్టుకుంటోంది. ఎప్పుడు ఊడిందో, ఎవరికి మొదట చెప్పిందో నేను అడగలేదు.

"ఎక్కడికెళ్ళారమ్మా?" అన్నది మాత్రం నోరు జారి వచ్చేసింది.

టెస్సా నన్ను కాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. రోడ్డు దాటేముందు రెండు వైపులా చూస్తుందే, అలా చూసింది.

"ఒకచోటికి," అంది.

"అమ్మ చెప్పొద్దందా?"

"లేదు," అంది మెట్టు మీద కూర్చుని బూట్లు లాక్కుంటూ. "నేనే చెప్పట్లేదు."

సరేనన్నాను. తడిసిన బూట్లు తీసుకెళ్ళి హీటరు పక్కన ఆరబెట్టాను.